పాత సౌండ్ కార్డుని లినక్స్‌లో పలికించడం ఎలా

పర్లాకిమిడిలో మా మావయ్య ఇంట్లో ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. దాని నిండా క్యాసెట్లు. మా తాతయ్య పాడిన పద్యాలు, శ్రీరామనవమి పందిట్లో చెప్పించిన హరికథలు, పెళ్ళిళ్ళలో ముసలమ్మలు పాడిన మంగళహారతులు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి పైకప్పు కారి ఆ పెట్టెలోకి నీళ్ళు దిగాయి. ఆరబెట్టాం గానీ కొన్ని టేపుల మీద తెల్లగా బూజు పట్టేసింది. మిగిలినవైనా కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం అని అప్పట్నుంచీ అనుకోవడమే తప్ప చేసింది లేదు.

చేయకపోవడానికి కారణం ఉంది. ఇంట్లో ఉన్నది 2009 నాటి డెస్క్‌టాప్. ఒక ఉరుముల సాయంత్రం తర్వాత దాని బోర్డు మీద ఉన్న సౌండ్ పలకడం మానేసింది. మిగతా అంతా బాగానే ఉంది, విండోస్‌కి బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి లినక్స్ వేసుకుని మావయ్య అందులోనే పేపర్ చదువుతాడు. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ పుల్ల కొనొచ్చు కదా అంటారేమో. చవగ్గా దొరికే వాటిలో చాలావరకు లోపలికి తీసుకునే రంధ్రం మైకుది, అది కూడా ఒక్క చానెలే. క్యాసెట్‌కి ఎడమా కుడీ రెండూ కావాలి. అంటే టేప్‌రికార్డర్ వైరు పెట్టే అసలైన స్టీరియో రంధ్రం, లైన్ ఇన్, ఉండాలి. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ పరికరాలూ ఉన్నాయి, కానీ ధర వేరు. కంప్యూటర్ లోపల స్లాట్‌లో బిగించే పాత పీసీఐ సౌండ్ కార్డుకైతే ఆ రంధ్రం పుట్టుకతోనే ఉంటుంది.

బరంపురంలో ఒక రిపేరు షాపులో అట్టపెట్టె అడుగున సౌండ్ బ్లాస్టర్ లైవ్ 5.1 దొరికింది. షాపతను దాన్ని రెండువైపులా తిప్పి చూసి ‘చాలిబొ నాహిఁ’ అన్నాడు, ఒడియాలో ఇది నడవదని. నడిచింది. ఎలా నడిపించాలో వరసగా చెప్తాను.

ముందే ఒక సంగతి. కార్డు పలకకపోతే మన చెయ్యి తిన్నగా డ్రైవర్ డౌన్‌లోడ్ వైపు పోతుంది. విండోస్ నేర్పిన అలవాటు అది. లైవ్ కార్డు 1998లో వచ్చింది, దాని చిప్పు పేరు ఈఎంయూ10కే1. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లినక్స్‌కి గుండెకాయ) ఆల్సా అనే సౌండ్ వ్యవస్థ లినక్స్‌లో భాగమైంది. ఈ చిప్పు డ్రైవర్ ఆల్సాలోనే ఉంది, ఇవాళ్టికీ ఉంది. చిప్పులోకి ఎక్కించే ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, కూడా విడిగా అక్కర్లేదు. కాబట్టి ఎక్కడెక్కడి నుంచో జిప్ ఫైళ్ళు తెచ్చి ఎక్కించకండి. దాదాపు ఎప్పుడూ మనం వెతకాల్సింది మూసుకుని కూర్చున్న ఏదో ఒక స్విచ్‌ని.

కమాండ్లు నేను మావయ్యకి ఫోన్లో చెప్పినట్టే, నోటితో పలికినట్టే రాస్తున్నాను. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి తప్పు పట్టకండి. ఆ అక్షరాల్ని మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెప్తాను. ‘ఖాళీ’ అంటే స్పేస్‌బార్. ‘అడ్డగీత’ అంటే మైనస్ గుర్తు.

కొనే ముందు కార్డుని కళ్ళతో చూడండి

‘లైవ్’ అని పేరున్న కార్డులన్నీ ఒకటి కావు. ఒకే పేరు కింద మూడు రకాల చిప్పులు అమ్మారు. కార్డు మీద ఎస్‌బీ అనో సీటీ అనో మొదలయ్యే నంబరు అచ్చేసి ఉంటుంది. ఎస్‌బీ0060, ఎస్‌బీ0100, ఎస్‌బీ0220 అసలైన ఈఎంయూ10కే1 కార్డులు. ఎస్‌బీ0200 అని ఉంటే బ్రాండెడ్ కంప్యూటర్లలో బిగించి వచ్చిన రకం, చిప్పు ఈఎంయూ10కే1ఎక్స్. ఎస్‌బీ0410 అంటే లైవ్ 24 బిట్, అందులో ఉన్నది సీఏ0106. మూడింటికీ లినక్స్‌లో డ్రైవర్లున్నాయి, కానీ మూడూ వేర్వేరు. వాల్యూములూ స్విచ్‌లూ ఉండే మిక్సర్లో కనబడే పేర్లు కూడా వేరు. నెట్‌లో ఎవరో రాసిన సలహా మీ దగ్గర పని చేయకపోతే ముందు ఈ నంబరు సరిచూసుకోండి.

మీ కంప్యూటర్లో పీసీఐ స్లాట్ ఉందో లేదో కూడా చూడాలి. పాత బోర్డుల్లో తెల్లగానో లేత పసుపుగానో పొడుగ్గా కనిపించేది అదే. కొత్త బోర్డుల్లో ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఈ కార్డు అందులో పట్టదు. మార్చుకునే అడాప్టర్లు దొరుకుతాయి గానీ, ఈ మాత్రం పనికి అంత ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

ఇంకా వెనక్కి, 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 లాంటివి పీసీఐకి ముందటి ఐఎస్ఏ స్లాట్ కార్డులు. అవి పట్టే బోర్డులు 32 బిట్ కాలానివి. డెబియన్ అనే ఇంకో రకం లినక్స్‌ని 12 వరకు 32 బిట్ కంప్యూటర్లో వేసుకోవచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. ఆ దారి సరదా ఉన్నవాళ్ళకి. క్యాసెట్లు ఎక్కించాలన్న తొందర ఉంటే అటు పోకండి.

బిగించే ముందు రబ్బరు

సముద్రం దగ్గర గాలికి లోహం తొందరగా నల్లబడుతుంది. బరంపురం అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి పడున్న కార్డు అడుగున, స్లాట్‌లోకి దిగే బంగారు రంగు పళ్ళ మీద గోధుమ రంగు పొర ఉంది. పిల్లలు పెన్సిల్ చెరుపుకునే తెల్ల రబ్బరు తీసుకుని, ఆ పళ్ళని పైనుంచి కిందికి ఒకే దిక్కుగా రుద్దండి. అడ్డంగా రుద్దితే పళ్ళు లేచిపోయే ప్రమాదం ఉంది. రబ్బరు నల్లగా మారుతుంటే పొర వస్తోందన్నమాట. రెండువైపులా పళ్ళు మెరిశాక రబ్బరు పొడి ఊదేసి, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో గుడ్డ తడిపి తుడవండి. ఆరనివ్వండి. మావయ్య ఇదంతా చూసి ‘పూజ సామాను తోమినట్టు తోముతున్నావేట్రా’ అన్నాడు. అంతకు ముందు అదే కార్డుని తోమకుండా పెడితే కంప్యూటర్ దాన్ని పట్టించుకోలేదు మరి.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు కార్డు పట్టుకోండి. స్లాట్‌లో రెండు చివరలూ సమానంగా దిగేదాకా నొక్కి స్క్రూ బిగించండి. స్క్రూ బిగించేటప్పుడు కార్డు రెండో చివర లేవడం చాలా మామూలు, మళ్ళీ ఒకసారి నొక్కి చూసుకోండి.

ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి, అంటే లినక్స్ మొదలవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్ళండి. ఆన్‌బోర్డ్ ఆడియో అని ఎక్కడో ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయండి. బోర్డు మీది సౌండ్ బాగున్నా సరే చేయండి. ఇంట్లో ఇద్దరు వంటవాళ్ళు ఎందుకు.

కంప్యూటర్ కార్డుని చూసిందా లేదా

టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరిచి ఇది కొట్టండి: ఎల్, ఎస్, పి, సి, ఐ, ఖాళీ, అడ్డగీత, ఎన్, ఎన్, కె. ఎంటర్.

పొడుగాటి జాబితా వస్తుంది. అందులో మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అన్న వరస పట్టుకోండి. చివర్లో చదరపు బ్రాకెట్లో 1102:0002 అని ఉంటే మీది అసలు లైవ్. 1102:0006 అంటే ఎక్స్ రకం. 1102:0007 అంటే 24 బిట్ రకం. 1102:0004 వస్తే మీ చేతిలో ఉన్నది లైవ్ తర్వాత వచ్చిన ఆడిజీ కార్డు, దానికీ లైవ్ డ్రైవరే పని చేస్తుంది. 13ఎఫ్6:0111 వచ్చిందంటే అది సీమీడియా 8738, ఆ రోజుల్లో చవక కార్డుల్లో బాగా కనబడిన చిప్పు.

ఆ వరస కిందే ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉండి, పక్కన ఎస్ఎన్‌డీ, కింద గీత, ఈఎంయూ10కే1 అని కనబడితే డ్రైవర్ సంగతి అయిపోయింది. ఇక దాని జోలికి పోకండి.

కార్డు వరసే రాకపోతే అది సాఫ్ట్‌వేర్ గొడవ కాదు. మళ్ళీ రబ్బరు, లేదా వేరే స్లాట్. రెండు స్లాట్లలోనూ రాకపోతే షాపతను చెప్పినట్టే చాలిబొ నాహిఁ, ఇంకో కార్డు చూసుకోండి. వరస వచ్చి డ్రైవర్ పేరు మాత్రం రాకపోతే ఇలా కొట్టండి: ఎస్, యు, డి, ఓ, ఖాళీ, ఎం, ఓ, డి, పి, ఆర్, ఓ, బి, ఇ, ఖాళీ, ఎస్, ఎన్, డి, అడ్డగీత, ఇ, ఎం, యు, 10, కె, 1. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద చుక్కలు కనబడకపోయినా కంగారు పడొద్దు, అక్షరాలు పడుతూనే ఉంటాయి.

తర్వాత ఎ, పి, ఎల్, ఎ, వై, ఖాళీ, అడ్డగీత, ఎల్. కార్డు నంబరు, పక్కనే లైవ్ అన్న పేరు కనిపిస్తాయి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. నంబర్లు ఇవాళ 0, రేపు 1 అయిపోవచ్చు, పేరు మారదు. కార్డు నంబరు ఎప్పుడూ 0 ఉండేలా కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక వరస రాయమని చాలామంది చెప్తారు. పేరుతో పిలిస్తే ఆ అవసరమే రాదు.

అసలు కథ మిక్సర్లోనే

ఇక్కడ నాకు రెండు గంటలు పోయాయి. డ్రైవర్ ఉంది, కార్డు కనిపిస్తోంది, వాల్యూమ్ నిండా ఉంది. స్పీకర్లలో చప్పుడు లేదు. అత్తయ్య రెండోసారి టీ తెచ్చినప్పుడు ‘ఇంకా పలకలేదేటి’ అంది. మావయ్య ‘కార్డు అలిగింది’ అన్నాడు.

టెర్మినల్లో ఆల్సామిక్సర్ కొట్టండి: ఎ, ఎల్, ఎస్, ఎ, ఎం, ఐ, ఎక్స్, ఇ, ఆర్, మధ్యలో ఖాళీ లేకుండా. నిలువు గొట్టాలు ఒకటో రెండో కనబడతాయి. అన్నే ఉన్నాయంటే మీరు చూస్తున్నది కార్డుని కాదు, ప్రోగ్రాముల శబ్దాలన్నీ కలిపి కార్డుకి పంపుతూ పైన కూర్చున్న పైప్‌వైర్‌ని. ఎఫ్6 నొక్కి జాబితాలో లైవ్ ఎంచుకోండి. ఇప్పుడు గొట్టాలు తెర పట్టనన్ని వస్తాయి. కుడి బాణం నొక్కుతూ పోతే పక్కకి జరుగుతూ ఇంకా ఉంటాయి. చాలామంది మొదటి తెర చూసి అంతే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

గొట్టం అడుగున ఎంఎం అని ఉంటే మూసి ఉందని, 00 ఉంటే తెరిచి ఉందని. ఎం నొక్కితే ఒకటి రెండోది అవుతుంది. మాస్టర్, పీసీఎం, వేవ్ ఈ మూడూ తెరవండి, పై బాణంతో డెబ్బై ఎనభై దాకా పెంచండి. కంప్యూటర్ నుంచి వచ్చే పాట ముందు వేవ్ దాటాలి, తర్వాత మాస్టర్ దాటాలి. మధ్యలో ఏది మూసినా నిశ్శబ్దమే.

ఇప్పుడు కుడి బాణం నొక్కుతూ చివరిదాకా వెళ్ళండి. ‘ఎస్‌బీ లైవ్ అనలాగ్ డిజిటల్ ఔట్‌పుట్ జాక్’ అని ఒకటుంటుంది. దానికి గొట్టం ఉండదు, అడుగున ఎంఎం లేదా 00 మాత్రమే. పేరు పూర్తిగా పట్టక సగమే కనిపిస్తుంది, పైన ఐటెమ్ అన్న చోట మొత్తం చదవొచ్చు. మిగతావన్నీ తెరిచిన ఊపులో దీన్నీ తెరిచేస్తాం. అదే తప్పు. ఇది తెరిచి ఉంటే కార్డు డిజిటల్ మాటలాడుతుంది, మన మామూలు స్పీకర్లకి ఆ భాష రాదు. దీన్ని ఎంఎం చేయాలి. నేను ఎం నొక్కిన మరుక్షణం స్పీకర్లలో సన్నగా ‘స్స్’ మన్న ఊపిరి వినిపించింది. పాట రాకముందే తెలిసిపోయింది, గొంతు తెరుచుకుందని. ఆడిజీలో ఇదే స్విచ్ ఆడిజీ పేరుతో ఉంటుంది. మీ కార్డులో ఎంఎం చేసినా పలకకపోతే, ఒకసారి అటూ ఇటూ మార్చి చెవి పెట్టి వినండి.

సీమీడియా కార్డు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. అందులో ‘లైన్ ఇన్ మోడ్’ అని ఉంటుంది. అది రియర్ ఔట్‌పుట్ మీద ఉంటే మీ లైన్ ఇన్ రంధ్రం లోపలికి తీసుకోదు, వెనక స్పీకర్లకి బయటికి పంపుతుంది. బాణంతో లైన్ ఇన్ అని మార్చండి. 24 బిట్ లైవ్‌లో అయితే అనలాగ్ సోర్స్ అన్న చోట లైన్ ఇన్ ఎంచుకోవాలి.

ఎస్కేప్ నొక్కి బయటికి వచ్చి స్పీకర్లు పరీక్షించండి. స్పీకర్, అడ్డగీత, టెస్ట్, ఖాళీ, అడ్డగీత, పెద్ద అక్షరం డి, ఖాళీ, హెచ్, డబ్ల్యూ, రెండు చుక్కలు, లైవ్, ఖాళీ, అడ్డగీత, సి, 2, ఖాళీ, అడ్డగీత, టి, డబ్ల్యూ, ఎ, వి. స్పీకర్, టెస్ట్ అన్నవి ఇంగ్లీషు స్పెల్లింగుతోనే, లైవ్‌లో ఎల్ ఒక్కటి పెద్దక్షరం, రెండు చుక్కలంటే కోలన్. ఒక ఆడగొంతు ఎడమ స్పీకర్లో ఫ్రంట్ లెఫ్ట్ అని, కుడి దాంట్లో ఫ్రంట్ రైట్ అని చెప్తుంది. ఒక్కవైపే వస్తే ముందు పిన్ను పూర్తిగా దిగిందో లేదో చూడండి. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది.

పలికిందా? అయితే వెంటనే ఎస్, యు, డి, ఓ, ఖాళీ, ఎ, ఎల్, ఎస్, ఎ, సి, టి, ఎల్, ఖాళీ, స్టోర్ అని కొట్టండి. మామూలుగా షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమే ఈ సెట్టింగులు దాచుకుంటుంది. మన దగ్గర కంప్యూటర్ షట్‌డౌన్ అయ్యేకంటే కరెంటు పోయి ఆరిపోవడమే ఎక్కువ కదా. అలా ఆరిపోతే మీరు తెరిచినవన్నీ తర్వాత పాత స్థితికి పోతాయి, మళ్ళీ మొదట్నుంచీ టెన్షన్.

పైన ఉన్న పైప్‌వైర్

టెర్మినల్లో పలికి బ్రౌజర్లో పలకకపోతే గొడవ కార్డుది కాదు. 2024లో వచ్చిన మింట్ 22, 2023లో వచ్చిన డెబియన్ 12 (గ్నోమ్ డెస్క్‌టాప్‌తో), రెండింటిలోనూ సౌండ్ చూసుకునేది పైప్‌వైర్. అంతకు ముందువాటిలో పల్స్ ఆడియో. రెండింటికీ ఒకే కిటికీ ఉంది, పీఏవీయూ కంట్రోల్. లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్లో దొరుకుతుంది. అందులో చివరి ట్యాబ్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్ళి లైవ్ కార్డుకి అనలాగ్ స్టీరియో డూప్లెక్స్ ఎంచుకోండి. ఔట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌లో దాని పక్కన ఉన్న టిక్కు పచ్చగా చేయండి. ఇంతే.

టేప్‌రికార్డర్ కలపడం, ‘గుంయ్’ పోగొట్టడం

లైన్ ఇన్ చాలా కార్డుల్లో నీలం రంగు రంధ్రం. రంగుల్లేని పాత కార్డయితే లోపలికి పోయే బాణం గుర్తు వెతకండి. గులాబీ రంగుది మైకు, అందులో పెడితే గొంతు చిట్లినట్టు వస్తుంది. డెక్ (అదే టేప్‌రికార్డర్) వెనక లైన్ ఔట్ ఉంటే ఎర్ర తెల్ల పిన్నుల వైరు, లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి రెండువైపులా ఒకే పిన్ను ఉన్న వైరు. హెడ్‌ఫోన్ నుంచి తీస్తే వాల్యూమ్ సగం దగ్గర ఆపండి.

క్యాసెట్ పెట్టే ముందు దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అప్పుడు తాతయ్య గొంతు చెరిగిపోదు. బూజు పట్టిన టేపుని మాత్రం డెక్‌లో పెట్టకండి. హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నింటికీ పూస్తుంది.

మళ్ళీ ఆల్సామిక్సర్, ఎఫ్6, లైవ్. మామూలు తెరలో లైన్ తెరిచి పెంచితే టేపు స్పీకర్లలో వినిపిస్తుంది. కానీ వినిపించినంత మాత్రాన రికార్డు అవ్వదు. ఎఫ్4 నొక్కండి, క్యాప్చర్ తెర వస్తుంది. లైన్ మీదికి వెళ్ళి స్పేస్‌బార్ నొక్కితే అడుగున ఎర్రగా క్యాప్చర్ అని పడుతుంది. అదే తెరలో ఏసీ97 నిండా ఉండాలి. క్యాప్చర్ అన్న గొట్టం తక్కువలో మొదలెట్టి పెంచుకోవాలి. వేవ్, సింథ్ సున్నాలో ఉంచండి. వేవ్ పైకి ఉంటే కంప్యూటర్ చేసే టింగుమన్న చప్పుళ్ళు కూడా హరికథ మధ్యలో పడతాయి.

మాకు టేపు బాగానే వచ్చింది, వెనకాల సన్నగా ‘గుంయ్’ మంటూ ఒక శ్రుతి మాత్రం వదల్లేదు. మావయ్య దాన్ని విని ‘తంబూరా ఉందిలే’ అన్నాడు గానీ, అది గోడలోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు. లైన్ ఇన్ నుంచి వైరు పీకి చూడండి. పీకగానే గుంయ్ పోతే కార్డు మంచిదే. టేప్‌రికార్డరు, కంప్యూటరు రెండు వేర్వేరు ప్లగ్గుల్లో ఉండి ఎర్త్ తేడా వచ్చిందన్నమాట. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే పోతుందని ఎవరైనా చెప్తే వినకండి, గుంయ్‌తో పాటు ప్రాణమూ పోగలదు. అన్నిటికంటే తేలికైన ఉపాయం ఇంకోటుంది. చేత్తో పట్టుకెళ్ళే టేప్‌రికార్డర్ అయితే కరెంటు వైరు పీకేసి పెద్ద సెల్లులు వేయండి. మా ఇంట్లో ఆ క్షణంలో తంబూరా ఆగిపోయింది.

రికార్డు చేయడం

మొదటి రోజు నేను చేసిన తప్పు చెప్తాను. పద్యం కమ్మగా వినిపిస్తోందని క్యాప్చర్ నిండా పెట్టి ఒక పక్క మొత్తం ఎక్కించాను. సాయంత్రం వింటే తాతయ్య రాగం ఎత్తిన ప్రతి చోటా గొంతు పగిలిపోయింది. మళ్ళీ పెడితే టేపు డెక్‌లో చుట్టుకుంది. పెన్ను దూర్చి తిప్పి సరిచేశాం గానీ ఒక చోట నలిగిన మడత అలాగే ఉండిపోయింది. కాబట్టి అసలు రికార్డింగుకి ముందు క్యాసెట్లో బాగా గట్టిగా వినిపించే చోటు వెతికి, అక్కడ మట్టం చూసుకోండి.

కమాండ్ ఇది: ఎ, ఆర్, ఇ, సి, ఓ, ఆర్, డి, ఖాళీ, అడ్డగీత, పెద్ద డి, ఖాళీ, హెచ్, డబ్ల్యూ, కోలన్, లైవ్, ఖాళీ, అడ్డగీత, ఎఫ్, ఖాళీ, డి, ఎ, టి, ఖాళీ, అడ్డగీత, పెద్ద వి, ఖాళీ, స్టీరియో, ఖాళీ, అడ్డగీత, డి, ఖాళీ, 1900, ఖాళీ, చివర ఫైలు పేరు. పేరు చుక్క డబ్ల్యూఏవీతో ముగియాలి.

డి, ఎ, టి అన్న మూడక్షరాల అర్థం 16 బిట్, స్టీరియో, 48000 అని. ఈ కార్డు లోపల అంతా 48000 వేగంతోనే నడుస్తుంది, 44100 అడిగితే మార్పిడి చేయాల్సి వస్తుంది. పెద్ద వి వల్ల కింద కొలత పట్టీ కదులుతుంది. గట్టిగా పాడిన చోట ఎనభై శాతం దాటకుండా చూసుకోండి. 1900 అంటే సెకన్లు. అరవై నిమిషాల క్యాసెట్లో ఒక పక్క అరగంట, కొన్ని కాస్త ఎక్కువే నడుస్తాయి. ఆ టైం అవగానే అదే ఆగుతుంది, మీరు పక్కనే కూర్చోనక్కర్లేదు. నిమిషానికి పదకొండున్నర ఎంబీ చొప్పున ఒక పక్క 365 ఎంబీ దాకా అవుతుంది.

డివైస్ బిజీ అని వస్తే పైప్‌వైర్ కార్డుని పట్టుకుని ఉంది. పీఏవీయూ కంట్రోల్ కాన్ఫిగరేషన్‌లో లైవ్‌ని ఆఫ్ చేసి రికార్డు చేసుకోండి, అయ్యాక మళ్ళీ డూప్లెక్స్‌కి తేవచ్చు. టెర్మినల్ వద్దనుకుంటే ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాం కూడా ఇదే పని చేస్తుంది. అందులో ప్రాజెక్ట్ రేటు 48000 పెట్టండి. నాకైతే పాత కంప్యూటర్లో టెర్మినలే నమ్మకంగా అనిపించింది.

మధ్యలో కరెంటు పోయిందా? ఫైలుని తీసేయకండి. తెరుచుకోకపోతే ఆడాసిటీలో ఫైల్ మెనూ, ఇంపోర్ట్, రా డేటా. 16 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, రెండు చానెళ్ళు, 48000 అని ఇవ్వండి. మొదట్లో ఒక టిక్కుమన్న చప్పుడు వస్తుంది, చివరి కొన్ని సెకన్లు పోతే పోవచ్చు, మిగతాది ఉంటుంది. ఒక హరికథ మాకు అలాగే దక్కింది.

అంతా బాగుంటే ఎఫ్, ఎల్, ఎ, సి, ఖాళీ, ఫైలు పేరు కొట్టండి. నాణ్యత ఏమీ పోకుండా సైజు తగ్గుతుంది. ఆ ఫైళ్ళని ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, ఇంకో ఊళ్ళో ఉన్న బంధువుల కంప్యూటర్లోనూ పెట్టండి. పేర్లు పెట్టేటప్పుడు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మా మావయ్య మూడో క్యాసెట్ రెండో పక్క విని, అది తాతయ్య గొంతు కాదని, పాతపట్నం నుంచి వచ్చే తబలాయన సరదాగా పాడిందని చెప్పాడు. ఫైలు పేరు మార్చాను.